చలికాలం తెలిసిన బఠానీలు

మోరిస్‌విల్, నార్త్ కరొలినా
1980 అక్టోబర్ 19

అక్కకి,

విమల వందనాలు. యాపిల్ పండ్ల పెట్టె క్షేమంగా చేరి రెండు వారాలైంది. నేనూ క్షేమమే. నా క్షేమం కంటే ముందు పెట్టె క్షేమం రాశానంటే ఈ దేశంలో నా ప్రాముఖ్యం ఎంతో నీకు తెలిసిపోయి ఉంటుంది.

నిరుడులాగే ఈసారి కూడా పెట్టెను నా గదికి తీసుకెళ్ళలేదు. మా ఇల్లుగలావిడ మిసెస్ హేస్ ఫ్రిజ్‌లో నాకిచ్చిన చోటు ఒక పెరుగు గిన్నెకి సరిపోతుంది. అందుకని ల్యాబ్‌లోనే, మొక్కల చీకటి గదికి ముందున్న చల్లటి చిన్న గదిలో పెట్టాను. రామమోహన్ గారు పోస్టాఫీసు నుంచి కారులో తెచ్చి పెట్టారు. ఆయన మా ల్యాబ్‌లో సీనియర్, నెల్లూరు వైపు మనిషి.

నేనేం చేస్తున్నానో మళ్ళీ అడిగావు. బఠానీ గింజ చీకట్లో మొలిస్తే కాండం తెల్లగా, సన్నగా, బారుగా సాగుతుంది, వెలుతురు ఎక్కడుందో వెతుక్కుంటూ. ఎంత సాగాలో చెప్పేవి దాని లోపలి హార్మోన్లు. కొన్ని సాగమంటాయి, కొన్ని ఆగమంటాయి. సాగమనేవాటిలో జిబ్బరెలిన్ అని ఒకటుంది. దాన్ని చిగురు మీద చుక్కగా వేసి, మొక్క ఎంత పెరిగిందో స్కేలుతో కొలవడం నా పని. ఒంగోలు కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వదిలేసి, ఇంత దూరం వచ్చి, ముప్పై మూడేళ్ళ వయసులో ఆకుపచ్చ గుడ్డిదీపం కింద కూర్చుని బఠానీలు కొలుస్తున్నాను. నాన్న ఉంటే ఎవరికీ చెప్పుకోలేక చాలా ఇబ్బంది పడేవాడు.

ఇక అసలు సంగతి. నిరుడు అక్టోబర్‌లో నా మొక్కలు పొట్టిగా వచ్చాయని నీకు ఫోన్ చేసి ఏడ్చాను, గుర్తుందా? వేసవిలో అవే బారుగా సాగాయి. ఇప్పుడు మళ్ళీ పొట్టివైపోయాయి. ఆ గదిలోకి ఎండ రాదు, వేడి ఏడాదంతా ఒక్కలాగే ఉంటుంది. బయట చలికాలం వస్తోందని వాటికి ఎవరు చెప్పారు? మా ప్రొఫెసర్ డాక్టర్ కోల్‌మన్ నా అంకెలు చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన కళ్ళజోడు తుడిస్తే అది ఇక్కడ సన్మానం కింద లెక్క.

బావగారికి వందనాలు.

నీ చెల్లెలు,
విమల


ట్రాయ్, మిషిగన్
1980 నవంబర్ 9

విమలా,

నీ ఉత్తరం ఒకసారి నీ కోసం చదివాను, మూడుసార్లు బఠానీల కోసం చదివాను. మీ బావకి వినిపిస్తే, "సాగమనేది యాక్సిలరేటర్, ఆగమనేది బ్రేకు. మీ చెల్లెలి బండికి బ్రేకు పట్టేసింది" అన్నాడు. కార్ల కంపెనీలో బంపర్లు గీసే మనిషికి ప్రపంచమంతా రోడ్డు మీదే ఉంటుంది.

ఆదివారం మా బేస్‌మెంట్‌లో తెలుగు ప్రార్థన జరిగింది. నీ మొక్కలు పొడుగ్గా ఎదగాలని అందరిచేతా ప్రార్థన చేయించాను. నవోమమ్మగారు కన్నీళ్ళు పెట్టుకుని మరీ చేశారు. ఆవిడ మొక్కలంటే పిల్లలనుకున్నారని తర్వాత తెలిసింది.

ఇంకో తప్పు కూడా చేశాను. మా ఆసుపత్రిలో ఒక నర్సు తన కొడుకు ఎత్తు పెరగడం లేదని దిగులుపడుతుంటే, మా చెల్లెలు ఎత్తు పెరిగే హార్మోన్ మీద రీసెర్చ్ చేస్తోందని చెప్పాను. పదేళ్ళుగా నర్సుగా ఉంటూ ఆ మాట ఎలా అన్నానో నాకే తెలియదు. ఇప్పుడామె కనపడినప్పుడల్లా అడుగుతోంది, నేను లిఫ్ట్ మానేసి మెట్లెక్కుతున్నాను.

యాపిల్స్ బాగున్నాయో లేదో రాయలేదు. ఇక్కడ తోటకి వెళ్ళి ఎవరి పండ్లు వాళ్ళే కోసుకోవచ్చు, నేనే నిచ్చెనెక్కి కోశాను. మీ బావ కింద పట్టుకుంటాడు, పట్టుకుని నిచ్చెనల డిజైన్ ఎలా ఉండాలో చెప్తాడు. క్రిస్మస్‌కి ఇంకో పెట్టె పంపుతాను.

రామమోహన్ గారికి పెళ్ళయిందా? ఊరికే అడుగుతున్నాను.

అక్క,
వసంత


మోరిస్‌విల్
1981 ఏప్రిల్ 5

అక్కా,

ఆలస్యంగా రాస్తున్నాను. క్రిస్మస్ పెట్టె అందింది, జనవరి చివరిదాకా తిన్నాం. పండ్లు చాలా బాగున్నాయి. గదంతా ఆ వాసనే. పొద్దున తలుపు తీయగానే నువ్వు వచ్చినట్టుండేది.

నా మొక్కల కోసం ప్రార్థన చేయించవద్దని నవోమమ్మగారికి చెప్పు. అవి చలికాలంలో పొట్టిగా ఉంటేనే నాకు లాభం. రెండు చలికాలాలు అలాగే వచ్చాయి. ఫిబ్రవరి దాటగానే మళ్ళీ సాగడం మొదలుపెట్టాయి. చీకట్లో ఉన్న మొక్కకి కూడా లోపల ఒక కాలెండర్ ఉందనీ, చలి రోజుల్లో అది హార్మోన్లని అదుపు చేస్తుందనీ నేను అనుకుంటున్నాను. ఇది గనక నిజమైతే అక్కా, నా పేరు ఎక్కడో ఒక పుస్తకంలో, అడుగున చిన్నక్షరాల్లో వస్తుంది. ఆ చిన్నక్షరాలు ఎలా ఉంటాయో రోజూ బాత్రూమ్ అద్దం మీద ఆవిరిలో రాసుకుని చూసుకుంటున్నాను.

ఒక పెద్ద నిర్ణయం తీసుకున్నాను. రామమోహన్ తొందరపడొద్దంటున్నాడు, ఇంకో ఏడాది చూడమంటున్నాడు. నేనే పట్టుబట్టాను. డాక్టర్ కోల్‌మన్ సంతోషంగా ఒప్పుకున్నారు. డిసెంబర్‌లో అందరి ముందూ చెప్తాం. ఖాయమయ్యాక వివరంగా రాస్తాను, ఈలోగా బావగారికి చెప్పకు, నవ్వుతారు.

నీ
విమల


ట్రాయ్
1981 అక్టోబర్ 4

విమలకి,

వేసవంతా నీ వివరమైన ఉత్తరం కోసం చూశాను. ఇక రాదని అర్థమైంది.

నీ నిర్ణయానికి నేను అడ్డు రాను. మీ బావ కూడా, "చిన్నపిల్ల కాదు, తన ఇష్టం" అన్నాడు. నిజమే. అమ్మ పోయినప్పుడు నువ్వు రెండో క్లాసు. నీకు జడలు వేసి బడికి పంపింది ఎవరో గుర్తు చేయడం నా ఉద్దేశం కాదు. అయినా చేశాను, చేసినందుకు సిగ్గుగా ఉంది, కొట్టేయడానికి మాత్రం చేయి రావడం లేదు.

డిసెంబర్‌లో మమ్మల్ని పిలవాలనిపిస్తే పిలువు.

ఈ ఏడు తోటకి వెళ్ళలేదు. నిచ్చెన ఎక్కే ఓపిక లేదు. పండ్లు పంపడం లేదు.

వసంతకుమారి


మోరిస్‌విల్
1981 నవంబర్ 15

అక్కా,

ఉత్తరం చివర నువ్వు పూర్తి పేరు రాయడం ఇదే మొదటిసారి. నా పాత థీసిస్ వదిలేసి ఈ కాలెండర్ మీద కొత్తది మొదలుపెట్టి, చదువు ఇంకో రెండేళ్ళు సాగదీసినందుకే నీకు కోపమొచ్చింది. న్యాయమే. ఏప్రిల్‌లో తీసుకున్న నిర్ణయం ఎంత గొప్పదో ఇప్పుడు చెప్తాను, నీ కోపం తగ్గి జాలి మొదలవుతుంది.

అక్టోబర్ వచ్చింది. నా మొక్కలు పొట్టిగా రావాలి. రాలేదు. మళ్ళీ గింజలు నాటాను. మళ్ళీ బారుగానే సాగాయి. నవంబర్‌లో, బయట చెట్లన్నీ బోడిగా నిలబడి ఉంటే, నా బఠానీలు జూన్ నెల అనుకుని ట్రే దాటి పైకి వెళ్ళిపోతున్నాయి. నవోమమ్మగారి ప్రార్థన ఏడాది ఆలస్యంగా ఫలించింది. డిసెంబర్ 18న డిపార్ట్‌మెంట్ మొత్తం ముందు నా టాక్. అవి పొట్టివైపోతాయని గోడలకి కాగితాలు అంటించారు.

నిన్న శనివారం సరుకులకి వెళ్ళాం. రామమోహన్ కారు నడుపుతున్నాడు, పక్కన జయంతి, వెనక నేను. జయంతి అంటే అతని భార్య. ఇన్నాళ్ళూ ఆమె గురించి రాయనే లేదా నేను? ప్రతి శనివారం నన్ను షాపుకి తీసుకెళ్ళేది వాళ్ళిద్దరే. నేను కిటికీ వైపు తిరిగి ఏడుపు ఆపుకుంటుంటే జయంతి వెనక్కి చూసి అడిగింది.

"విమలగారూ, ఈ ఏడు మీ అక్కయ్యగారి యాపిల్స్ రాలేదా? మా ఆయన ల్యాబ్ నుంచి నాకొకటి తెచ్చేవాడు."

"రాలేదండీ."

"ఎప్పుడూ అక్టోబర్ మొదట్లోనే వచ్చేవి కదా."

"వచ్చేవి."

సిగ్నల్ దగ్గర కారు ఆగింది. "రామమోహన్, కారు ల్యాబ్‌కి తిప్పు" అన్నాను. అతను వెనక్కి తిరిగి నా మొహం చూసి కారు తిప్పాడు.

అక్కా, యాపిల్ పండుతున్నప్పుడు దానిలోంచి ఇథిలిన్ అనే వాయువు వస్తుంది. అది కూడా మొక్కల హార్మోనే, ఆగమని చెప్పేది. చీకట్లో ఉన్న బఠానీ మొలకకి అది తగిలితే కాండం పొట్టవుతుంది, లావవుతుంది, పక్కకి వాలుతుంది. ఇది నాకు తెలియని విషయమైతే బాగుండేది. ఒంగోలులో ఏటా ఈ మూడు ముక్కలూ నోట్సు చెప్పాను. పరీక్షలో మూడోది మర్చిపోయిన ఆడపిల్లలకి మార్కులు కోశాను. నా కళ్ళ ముందుకే వస్తే, పొట్టిగా ఉన్నవాటిని చూసి కాలెండర్ అన్నాను. లావు సంగతి, పొట్టివాళ్ళు కాస్త లావుగానే కనపడతారులే, మన మేనత్తలాగా, అనుకున్నాను. పక్కకి వాలినప్పుడు బల్ల ఎగుడుదిగుడుగా ఉందని దాని కాలికింద అట్టముక్క మడిచి పెట్టాను. ఆ అట్టముక్క నీ యాపిల్ పెట్టె నుంచే చింపాను.

ల్యాబ్‌కి వెళ్ళి చూస్తే, పండ్లు పెట్టిన చల్లటి గది గాలే చీకటి గదిలోకి వెళ్తోంది. నా మొక్కలకి చలికాలం గురించి చెప్పింది నీ పెట్టె. నువ్వు పంపినన్నాళ్ళూ నేను శాస్త్రవేత్తని.

ఇది నిరూపించకుండా డాక్టర్ కోల్‌మన్ దగ్గరికి వెళ్ళలేను. ఒక పెట్టె పంపుతావా? కోపం తగ్గకపోయినా ఫరవాలేదు. యాపిల్స్ ఇక్కడ షాపులో దొరుకుతాయి. కానీ అదే తోటవి అయితే పోల్చడానికి బాగుంటుందని, సైన్సు కోసమే అడుగుతున్నానని రాస్తున్నాను. నువ్వు నమ్మితే నమ్ము.

ఇది తేలిపోయాక ఒంగోలు వెళ్ళిపోతాను. కాలేజీలో నా ఉద్యోగం ఇంకా ఎవరికీ ఇవ్వలేదట. నోట్సు చెప్పడం ఒక్కటే నాకు బాగా వచ్చు.

విమల


ట్రాయ్
1981 నవంబర్ 22

ఒసేయ్ విమలా,

జయంతి ఉందని ఒక్క ముక్క, ఒకే ఒక్క ముక్క ఏప్రిల్‌లో రాసి ఉంటే నీ సొమ్మేం పోయేది? "పెద్ద నిర్ణయం", "నేనే పట్టుబట్టాను", "అందరి ముందూ చెప్తాం". ఇవన్నీ బఠానీల గురించా? మొదటి ఉత్తరంలో "రామమోహన్ గారు", రెండోదానిలో ఉత్త "రామమోహన్". పెళ్ళయిందా అని అడిగితే జవాబే లేదు. నేను ఏమనుకోవాలి? నీకు పెళ్ళనుకుని పట్టుచీర కూడా కొన్నాను. కోపంగానే కొన్నాను, అంచు మాత్రం నీకు నచ్చే రంగే చూశాను. నవోమమ్మగారు నీ కోసం రెండు శుక్రవారాలు ఉపవాసమున్నారు. ఇప్పుడావిడకి జయంతి గురించి ఎలా చెప్పాలో మీ బావా నేనూ చర్చించుకుంటున్నాం. మీ బావకైతే నవ్వాగడం లేదు.

నీ ఉత్తరం చదివి నేను కూడా ముందు నవ్వాను. తర్వాత వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు నిలబడ్డాను. నేను ఏరి ఏరి కోసి, ఒక్కొక్కటీ పేపర్లో చుట్టి పంపిన పండ్లు నీ రెండేళ్ళ కష్టం తినేశాయి. ఎవరిని తిట్టుకోవాలో తెలియక నిచ్చెనని తిట్టాను.

తోట మూసేశారు. నిన్న మీ బావతో వెళ్ళి బతిమాలితే వాళ్ళ చల్లటి కొట్టంలోంచి ఒక పెట్టె ఇచ్చారు. నా చేత్తో కోసినవి కావు, సైన్సుకి ఆ తేడా ఉండదనుకుంటాను.

ఒంగోలు వెళ్ళాలంటే వెళ్ళు, వద్దనను. కానీ సిగ్గుపడి వెళ్ళకు. ఈ పని ముగించి, మీ ప్రొఫెసర్ మొహంలోకే చూస్తూ చెప్పి, అప్పుడు వెళ్ళు.

నీ అక్క


మోరిస్‌విల్
1981 డిసెంబర్ 9

అక్కా,

పెట్టె అందింది. గాలి చొరబడని గాజు జాడీల్లో సగం మొక్కలు పండుతో పెట్టాను, సగం పండు లేకుండా. పండు లేనివి బారుగా సాగాయి. పండున్నవి పొట్టిగా, లావుగా, ఒక పక్కకి వాలి, నేను ఒంగోలులో నల్లబల్ల మీద గీసిన బొమ్మలాగే ఉన్నాయి. నా ముప్పై నాలుగేళ్ళ జీవితంలో ఇంత శుభ్రంగా వచ్చిన ప్రయోగం లేదు.

నిజం చెప్పాలంటే, డాక్టర్ కోల్‌మన్ గదికి వెళ్ళేముందు ఒక రోజంతా తాత్సారం చేశాను. రెండు చలికాలాల అంకెలు నా దగ్గరున్నాయి. ఈ ఏడు ఏదో లోపం జరిగిందని చెప్పి పక్కన పెడితే అడిగేవాళ్ళు లేరు. ఆ మాట ఇంగ్లీషులో ఎలా చెప్పాలో కూడా అనుకుని చూశాను. చాలా చక్కగా, తడబడకుండా వచ్చింది. అంత చక్కగా వచ్చేసరికి భయమేసింది, నేను ఇంగ్లీషులో నిజం చెప్పినప్పుడెప్పుడూ అలా రాదు.

వెళ్ళి రెండు జాడీలూ ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన చాలాసేపు వాటిని తిప్పి చూశాడు. కళ్ళజోడు తీయలేదు.

"ఎవరికైనా చెప్పావా?" అన్నాడు.

"మా అక్కకి."

"ఆవిడేమంది?"

"పండ్లు పంపింది."

ఆయన తలూపి, "టాక్ ఆ రోజే ఉంటుంది. ఏం చెప్తావో నువ్వే చూసుకో" అన్నాడు. ఇంకేం అనలేదు. కోపమో, అలసటో తెలియలేదు. నన్ను వదిలించుకుంటాడనే అనుకుంటున్నాను.

దయచేసి నువ్వు రాకు. నేను నవ్వులపాలు కావడం నువ్వు చూడకూడదు.

విమల


ట్రాయ్
1981 డిసెంబర్ 23

విమలా,

రావద్దన్నావు కాబట్టి వచ్చాను. మీ బావకి సెలవు దొరకలేదు కాబట్టి బస్సులో వచ్చాను. అంతసేపు కూర్చుంటే మోకాళ్ళు బఠానీలకంటే వంకరపోతాయని తెలియదు. నువ్వు నన్ను చూసి గుమ్మంలోనే గొంతు పెంచావు, తర్వాత రెండు రోజులూ తిండి గురించి తప్ప మాట్లాడుకోలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

నువ్వు వేదిక మీద నుంచి చూసి ఉండవు, వెనక బెంచీలో నుంచి నేను చూశాను. మొదట నీ పాత అంకెలు చూపించావు, అందరూ మెచ్చుకోలుగా తలలూపారు. తర్వాత ఒంగోలు నోట్సు సంగతి, అట్టముక్క సంగతి చెప్పావు. నవ్వారు. నవ్వించాలనే చెప్పావు. జాడీల ఫొటో వేసేసరికి నవ్వు ఆగింది. నా ముందు కూర్చున్న ముసలాయన పెన్ను తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు. నా పక్కనున్న అమ్మాయి, "మా మొక్కల గది పక్కన అరటిపండ్లు ఉన్నాయి" అని గొణుక్కుంటూ లేచి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు.

పండ్లు పంపిందెవరని ఎవరో అడిగితే నువ్వు నావైపు చూపించావు. నేను లేచి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాను. ఎందుకు పెట్టానో నాకే తెలియదు, పెళ్ళికూతురి తరఫు వాళ్ళలాగా. మీ జయంతి చప్పట్లు కొట్టింది. మంచి పిల్ల. నవోమమ్మగారికి చెప్తాను.

తర్వాత నువ్వు అందరిమధ్యా ఉన్నప్పుడు మీ ప్రొఫెసర్ కాఫీ తెచ్చి నాకిచ్చాడు. నీకు ఈ సంగతి చెప్పలేదు.

"మీ చెల్లెలు వెళ్ళిపోతుందా?" అని అడిగాడు.

"తననే అడగండి" అన్నాను.

"అవునంటుందేమోనని అడగలేదు" అన్నాడు. మళ్ళీ తనే అన్నాడు: "ఆ చల్లటి గదిలోంచి రెండేళ్ళు నేను కూడా నడిచాను. యాపిల్ వాసన నాకూ వచ్చింది. ఎంత బాగుందో అనుకున్నాను, అంతే. ఆమె వచ్చి చెప్పేదాకా నాకు తట్టలేదు. ఆ రోజు నోట మాట రాలేదు, అందుకే ఏమీ అనలేకపోయాను."

నీకు చెప్పమనీ అనలేదు, చెప్పొద్దనీ అనలేదు. నువ్వు ఆయన మౌనాన్ని ఏమనుకున్నావో నాకు తెలుసు. మన ఇంట్లో అందరం అంతే, ఎదుటివాళ్ళు మాట్లాడకపోతే మిగతాదంతా మనమే రాసేసుకుంటాం. నేను ఆ పనికి పట్టుచీర కూడా కొన్నాను.

నువ్వు ఉండమనీ, వెళ్ళమనీ నేను చెప్పను. బస్సులో వస్తూ అదే గట్టిగా అనుకున్నాను. ఒహాయోలో మాత్రం, మంచు పడుతుంటే, ఉంటే బాగుండుననిపించింది.

నీ అక్క,
వసంత


మోరిస్‌విల్
1982 జనవరి 10

అక్కా,

చీర అందింది. అంచు రంగు నాకు నచ్చింది. ఎవరి పెళ్ళికి కట్టుకోవాలో తెలియక జయంతి వాళ్ళింటికి భోజనానికి కట్టుకుని వెళ్ళాను, కూరలో సగం దానిమీదే పడింది.

శుక్రవారం డాక్టర్ కోల్‌మన్ ల్యాబ్‌కి వచ్చాడు. నేను ట్రేలు కడుగుతున్నాను. నీ ఉత్తరం వచ్చినప్పటినుంచీ ఆయన అడిగితే ఏం చెప్పాలో తయారుచేసుకుంటూనే ఉన్నాను. ఉండిపోవడానికి మూడు కారణాలు, వెళ్ళిపోవడానికి నాలుగు, మధ్యలో కృతజ్ఞతలు.

ఆయన కిటికీ దగ్గర నిలబడి, "వచ్చే సెమిస్టర్‌కి నువ్వు..." అని ఆగిపోయాడు.

తయారుచేసుకున్నదంతా ఎక్కడికి పోయిందో. "చీకటి గది తాళం పట్టేస్తోంది డాక్టర్ కోల్‌మన్. తాళంచెవి తిరగడం లేదు. బాగుచేయించాలి" అన్నాను.

ఆయన నావైపు చూశాడు. "సోమవారం పొద్దున మనిషిని పంపమంటాను. గది దగ్గర ఎవరైనా ఉండాలి" అన్నాడు.

"నేనుంటాను" అన్నాను.

ఆయన వెళ్ళాక ఆ ట్రేలే మళ్ళీ కడిగాను.

విమల